క్లినికల్ పరిశోధన, బయోఇన్ఫర్మాటిక్స్: శిక్షణలో చేరేముందు తెలుసుకోవలసినవి
(ప్రసంగ పాఠం)



బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి ఆవరణలోనో, నిమ్హాన్స్ బయటి రోగుల విభాగంలోనో ఉదయంపూట ఒక గంట కూర్చున్నవారికి ఒక సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. వరుసలో నిలిచినవారిలో అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపుల నుండి రాత్రి బస్సెక్కి వచ్చిన తెలుగువారు చాలామందే ఉంటారు. గోడమీది సూచనలు కన్నడంలో ఉంటాయి, డాక్టరు రాసినది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగులో బదులు చెప్పే మనిషి ఒకరు దొరికితే ఆ ముఖాలు తేరుకుంటాయి. రాయవెల్లూరులోనూ ఇదే దృశ్యం. బరంపురంలో ఒడియాతో పాటు తెలుగు కూడా అర్థం కాని వైద్యుడికి కొందరు రోగుల మాటలు సగమే అందుతాయి. షోలాపూర్ మగ్గాల కుటుంబాలలోని పెద్దలు బయట మరాఠీ మాట్లాడినా, నొప్పిని మాత్రం తెలుగులోనే చెప్పుకుంటారు.

శిక్షణావకాశాల గురించిన ప్రసంగంలో భాష ప్రస్తావన ఎందుకని కొందరికి తోచవచ్చు. క్లినికల్ పరిశోధన అనే వృత్తి మొదలయ్యేది ప్రయోగశాలలో కాదు, రోగికి ఎదురుగా వేసిన కుర్చీలో. ఆ కుర్చీలో కూర్చున్నవారు ఏ భాషలో మాట్లాడగలరన్నది అక్కడ అదనపు అర్హత కాదు, అసలు అర్హతలలో ఒకటి.

ఒక కొత్త మందు దుకాణానికి చేరేముందు మనుషులపై దశలవారీగా పరీక్షకు నిలవాలి. మొదట కొద్దిమందిలో అది ఎంతవరకు సురక్షితమో చూస్తారు, తర్వాత పనిచేస్తుందా అని చూస్తారు, ఆపైన వందలు వేలమందిలో ఇప్పుడున్న చికిత్సతో పోల్చి చూస్తారు. ఈ పరీక్షకు బాధ్యత వహించే వైద్యుణ్ణి ఇన్వెస్టిగేటర్ అంటారు. ఆయన పక్కన ఉండి రోగుల రాకపోకలు, రక్తపరీక్షల తేదీలు, మందు సీసాల లెక్క, కాగితాలు అన్నీ చూసే ఉద్యోగి క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్. కంపెనీ తరఫున వచ్చి ఆ కాగితాలను తనిఖీ చేసేవారు క్లినికల్ రీసెర్చ్ అసోసియేట్. ఉద్యోగ ప్రకటనలలో ఈ రెండు పేర్లూ ఒకటిగానే వినిపిస్తాయి గాని పనులు వేరు. కొత్తగా చదువు ముగించినవారికి తలుపు తెరుచుకునేది చాలావరకు మొదటిదానిలోనే.

కోఆర్డినేటర్ పనిలో అన్నిటికంటె బరువైనది సమ్మతి తీసుకోవడంలో వైద్యుడికి తోడుండడం. ఇది ప్రయోగమనీ, చేరడం తప్పనిసరి కాదనీ, నడుమ ఎప్పుడైనా విరమించుకోవచ్చుననీ, విరమించుకున్నా మామూలు చికిత్సకు లోటు రాదనీ రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి. చెప్పినట్టు సంతకం తీసుకుంటే చాలదు, అర్థమైందో లేదో తెలుసుకోవాలి.

ఈ విషయంలో జరిగిన తప్పిదం ఒకటి తెలుగునేలకు బాగా తెలుసు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో పది నుండి పద్నాలుగేళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. వారిలో గిరిజన బాలికలు, హాస్టళ్ళలో ఉండి చదువుకొనేవారు ఎందరో. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆగిపోయింది. కొందరు బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదని ప్రభుత్వ విచారణ తెలిపింది. టీకా మంచిదా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక తప్పుపట్టినది సమ్మతి తీసుకున్న తీరును. రెండు వేలకు పైగా సమ్మతి పత్రాలపై తల్లిదండ్రులకు మారుగా హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. మరెన్నో పత్రాలపై ఉన్నవి వేలిముద్రలు. సంతకం ఎవరు పెట్టాలో, వేలిముద్ర వేసేవారి పక్కన సాక్షి ఎందుకుండాలో ఆ ఊళ్ళలో పనిచేసినవారికి సరిగా తెలిసి ఉంటే ఆ కాగితాలు అలా తయారయ్యేవి కావు. శిక్షణ అంటే ఇదే. మిగిలినవన్నీ దీని తర్వాతే.

నేడు అమలులో ఉన్నవి 2019 మార్చిలో వెలువడిన నూతన ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు. సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవడం రానివారైతే ప్రయోగంతో సంబంధం లేని సాక్షి ఒకరు మొదటినుండి చివరివరకు ఉండాలి. దుర్బల స్థితిలో ఉన్నవారిపై సరికొత్త రసాయన ఔషధాన్ని పరీక్షించేటప్పుడు ఈ సంభాషణనంతా వీడియోలో నమోదు చేయాలి. తీవ్రమైన దుష్ఫలితం కనబడితే ఇన్వెస్టిగేటర్ 24 గంటలలో తెలియజేయాలి. ప్రతి ప్రయోగమూ మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. ఆ రిజిస్ట్రీ 2007 నుండి ఉంది, అందరూ చూడవచ్చు. తమ ఊరి ఆసుపత్రిలో ఏ ప్రయోగం జరుగుతున్నదో సామాన్యుడైనా అందులో వెదికి తెలుసుకోవచ్చు. ఈ రంగంలోకి రాదలచిన విద్యార్థికి అంతకు మించిన తొలిపాఠం మరొకటి లేదు. నాలుగైదు నమోదులు తీరికగా చదివితే ఏ వ్యాధులపై పని జరుగుతున్నది, ఎవరు జరుపుతున్నారు, ఎక్కడ జరుగుతున్నది అన్నది బోధపడుతుంది. ఉద్యోగానికి ఎవరిని అడగాలో కూడా అదే చెబుతుంది.

ఇక శిక్షణ. బి.ఫార్మసీ, ఫార్మ్.డి., నర్సింగ్, దంతవైద్యం, ఆయుర్వేదం, జీవశాస్త్రాలలో పట్టా ఉన్నవారు ఈ పనిలో ప్రవేశించవచ్చు. వీరిలో ఫార్మ్.డి. విద్యార్థులకు చివరి ఏడు ఆసుపత్రిలోనే గడుస్తుంది గనుక కొంత అనుకూలత ఉంది. గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ అనే అంతర్జాతీయ ప్రమాణ సూత్రాలు అందరూ నేర్వవలసినవి. అవి 1996లో వచ్చాయి, 2016లో సవరింపబడ్డాయి, 2025 జనవరిలో మరల కొత్త రూపం పొందాయి. పాత ముద్రణతో బోధించే సంస్థలు ఇంకా ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు. కనుక ఏ ముద్రణ బోధిస్తున్నారో అడగడం తప్పు కాదు. ఈ సూత్రాలపై ద గ్లోబల్ హెల్త్ నెట్‌వర్క్ వంటి వేదికలు ఉచితంగా పాఠం చెప్పి ధ్రువపత్రం ఇస్తాయి. చెన్నైలోని జాతీయ అంటురోగ విజ్ఞాన సంస్థ, అనగా ఐసీఎంఆర్ వారి ఎన్ఐఈ, ఎన్‌పీటెల్ ద్వారా ఆరోగ్య పరిశోధన మౌలికాంశాలను బోధిస్తున్నది. పాఠాలు ఉచితం, పరీక్ష రాయదలచినవారే రుసుము చెల్లిస్తారు.

ఇంత ఉచితంగా దొరుకుతున్నప్పుడు లక్ష రూపాయల కోర్సు దేనికోసం అన్న ప్రశ్న సహజం. జవాబు కూడా కష్టమైనది కాదు. వీడియోలో దొరకని అనుభవం ఇస్తే ఆ సొమ్ముకు అర్థముంది, లేకపోతే లేదు. నూటికి నూరుపాళ్ళు ఉద్యోగం అని రాసిన కరపత్రాలు బస్టాపుల్లో గోడలకు అంటించి ఉంటాయి. ఊళ్ళో ఎకరమో నగలో కుదువపెట్టి పిల్లలను అక్కడ చేర్చిన కుటుంబాలు తెలుగువారిలో తక్కువ కాదు. క్లినికల్ పరిశోధనలో పనిచేయడానికి వైద్యుడికో న్యాయవాదికో ఉన్నటువంటి లైసెన్సు ఏదీ లేదు. కనుక ఏ ప్రైవేటు ధ్రువపత్రమూ చట్టం దృష్టిలో ఉద్యోగార్హత కాదు. ఏ ఆసుపత్రికి పంపుతారు, ఎన్ని వారాలు, ఏ ఇన్వెస్టిగేటర్ పర్యవేక్షణలో, నిజమైన ప్రయోగపు ఫైలును చూడనిస్తారా, ఈ మాటలు కాగితం మీద రాసిస్తారా అని ఫీజు కట్టకముందే తల్లిదండ్రులు అడగాలి. ఆ ప్రశ్నలకు విసుక్కునే కౌంటరు దగ్గర ఎక్కువసేపు నిలబడవలసిన పని లేదు.

రోగి దగ్గర సేకరించిన ప్రతి సంఖ్యా చివరికి కంప్యూటరుకు చేరుతుంది. ఇక్కడ మరొక ఉపాధి మార్గముంది, క్లినికల్ డేటా మేనేజ్‌మెంట్. హైదరాబాదు అమీర్‌పేటలో శాస్ అనే సాఫ్ట్‌వేరును నేర్పే గదులు ఎన్నో తెలుగు కుటుంబాలకు పరిచయమే. బెంగళూరు మారతహళ్ళిలోనూ అటువంటి వీధులున్నాయి. అవి పనికిరానివి కావు. శాస్ తయారుచేసిన కంపెనీయే విద్యార్థులకు ఇంటర్నెట్‌లో ఉచిత రూపం ఇస్తున్నదని మాత్రం అక్కడ ఎవరూ ముందుగా చెప్పరు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సమర్పించే దత్తాంశం సీడిస్క్ ప్రమాణాలలో ఉండాలన్న నియమం 2016 డిసెంబరు తర్వాత మొదలైన అధ్యయనాలకు వర్తిస్తున్నది. సాఫ్ట్‌వేరు ఆజ్ఞలు వచ్చి ఆ ప్రమాణాలు రానివారికి ఇంటర్వ్యూలో చుక్కెదురవుతుంది.

బయోఇన్ఫర్మాటిక్స్ దీనికి చుట్టమే గాని వేరే విద్య. జీవకణంలోని డీఎన్ఏ, ప్రోటీన్ల సమాచారాన్ని గణనతో చదవడం దాని పని. ఈ దారిలో దక్షిణాదికి పాత పేరే ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో ప్రచురించిన పటం నేటికీ ప్రోటీన్ నిర్మాణం సరిగా ఉందో లేదో చూడడానికి ప్రపంచమంతటా వాడుతున్నారు. నేడు ఈ విద్యకు బెంగళూరులో పని పెరుగుతున్నది. పదివేలమంది భారతీయుల జన్యు సమాచారాన్ని చదివిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టుకు ఇక్కడి ఐఐఎస్‌సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ సారథ్యం వహించింది. హైదరాబాదు సీసీఎంబీ అందులో భాగస్వామి. ఆ దత్తాంశం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. దాన్ని చదివేవారు కావాలి.

ఈ విద్య తనకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి విద్యార్థి పైసా ఖర్చు చేయనక్కరలేదు. అమెరికా ఎన్‌సీబీఐ సంస్థ జన్యు సమాచారాన్ని అందరికీ తెరిచి ఉంచింది. సికిల్ సెల్ రక్తహీనత పాడేరు, భద్రాచలం మన్యంలోనూ, ఒడిశా, మహారాష్ట్ర గిరిజన గ్రామాలలోనూ ఉన్న వ్యాధి. దానికి మూలమైన బీటా గ్లోబిన్ జన్యువును ఆ భాండాగారంలో వెదికి, మామూలు రూపాన్నీ వ్యాధి రూపాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే జీఏజీ అనే మూడక్షరాలు జీటీజీగా మారినట్టు కనబడుతుంది. మారినది ఒక్క అక్షరం. పాఠ్యపుస్తకాలు ఆ మార్పు ఆరవ స్థానంలో ఉందంటాయి, విద్యార్థికి మాత్రం ఏడవ స్థానంలో కనబడుతుంది. ప్రోటీన్ తయారైన తర్వాత మొదటి అమైనో ఆమ్లం తెగిపోతుందన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. ఆ తేడా ఎందుకు వచ్చిందా అని రాత్రి కూర్చుని వెదికిన పిల్లవాడికి ఈ విద్య పడుతుంది. తప్పు ముద్రణ అనుకుని పుట తిప్పినవాడు మరొకటి చూసుకోవడం మేలు.

బెంగళూరు ఎలక్ట్రానిక్స్ సిటీలోని ఐబాబ్, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, 1987 నుండి బయోఇన్ఫర్మాటిక్స్ కేంద్రమున్న పూణే విశ్వవిద్యాలయం ఈ విషయంలో స్థిరమైన పేరున్న చోట్లు. వీటిలో రెండవది యానాం విద్యార్థులకు సొంత కేంద్రపాలిత ప్రాంతంలోనిదే, దూరం మాత్రం తక్కువ కాదు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సహాయంతో నడిచే ఎం.ఎస్‌సి. కోర్సులకు గ్యాట్-బి అనే ప్రవేశపరీక్ష ఉంది. ఐఐటీ మద్రాసు ఆచార్యులు ఎం. మైఖేల్ గ్రోమిహ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి. లినక్స్, పైథాన్, ఆర్ నేర్చుకోవాలని అందరూ చెబుతారు. గణాంకశాస్త్రం నేర్చుకోవాలని చెప్పేవారు తక్కువ. లెక్కలంటే భయపడి ఇంటర్మీడియట్‌లో బై.పి.సి. తీసుకున్న పిల్లలే ఈ చదువుకు ఎక్కువగా వస్తారు. ఆ భయం పోగొట్టడానికి మొదటి ఆరునెలలు వెచ్చించిన కోర్సు మంచిదనే అనుకోవచ్చు.

పట్టభద్రులు కానివారికి కూడా ఇందులో ఒక స్థానముంది. ప్రతి ప్రయోగాన్నీ ముందుగా పరిశీలించే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సగంమంది ఆ సంస్థకు బయటివారు కావాలి, ఒకరైనా వైద్యం తెలియని సామాన్య పౌరులు కావాలి. సభ్యులకు శిక్షణ కమిటీ ఏర్పాటులోనే ఉంటుంది. రోగికి ఇవ్వబోయే తెలుగు పత్రాన్ని చదివి, ఈ వాక్యం హిందూపురం నుండి వచ్చిన రైతుకు అర్థం కాదు అని చెప్పగలిగేవారు ఆ కుర్చీకి తగినవారు. విశ్రాంత ఉపాధ్యాయులు, మహిళా సంఘాల కార్యకర్తలు, వార్డు సభ్యులు తమ సమీపంలోని బోధనాసుపత్రి ఎథిక్స్ కమిటీ కార్యదర్శికి ఆసక్తి తెలుపుతూ ఒక ఉత్తరం రాయవచ్చు. అందులో తమకు వచ్చిన భాషలన్నీ పేర్కొనడం మరువరాదు.