ఒక్క డిస్కు చాలు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



నేను రైల్వేలో గుమాస్తాను. పదో తరగతి వరకే చదివాను, అదీ తమిళ బడిలో. నా తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. కనుక నా మాటల్లో తప్పులు దొర్లితే మన్నించవలెను. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పిల్లల ఆటల గురించి పది నిమిషాలు మాట్లాడు నాయనా" అన్నారు. నాకు తెలిసిన ఆట ఒక్కటే గనుక దాన్ని గురించే చెబుతాను.

రైల్వేవారి పాత హెచ్చరిక ఒకటి మీరందరూ వినియే ఉంటారు. సామాను తక్కువైతే సుఖం ఎక్కువ అని దాని భావం. మన కినత్తుకడవు స్టేషనులో దిగేవారిని చూడండి. చేతిసంచి ఒక్కటే ఉన్నవాడు బండి ఆగగానే దిగి ఇంటికి నడిచిపోతాడు. ఏడు పెట్టెలున్నవాడు బండి వెళ్ళిపోయినా ప్లాటుఫారం మీదే నిలబడి పెట్టెలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఈ మాట ఆటలకు కూడా వర్తిస్తుందని నేను ఈమధ్యనే తెలుసుకున్నాను.

మూడేండ్ల క్రిందట మా మేనల్లుడు అమెరికానుండి వస్తూ డిస్క్ గోల్ఫ్ అనే ఆటను తెచ్చాడు. గోల్ఫులో కర్రతో బంతిని కొట్టి గుంటలో వేస్తారు గదా. ఇందులో బంతికి బదులు ప్లాస్టిక్ చక్రం. దాన్నే డిస్కు అంటారు. గుంటకు బదులు స్తంభానికి అమర్చిన ఇనుప బుట్ట, దానిపైన వ్రేలాడే గొలుసులు. డిస్కు ఎక్కడ పడితే అక్కడినుండి మళ్ళీ విసరాలి. అట్లా బుట్టలో పడేవరకు విసరాలి. సాధారణంగా బుట్టలు 9 గాని 18 గాని ఉంటాయి. ఎవరు తక్కువ విసుర్లలో అన్నీ ముగిస్తారో వారిదే గెలుపు.

ఈ ఆట పుట్టుక వింటే మీకు నవ్వు వస్తుంది. 1926 ప్రాంతంలో కెనడా దేశంలోని బ్లాడ్‌వర్త్ అనే ఊళ్ళో బడిపిల్లలు డబ్బా మూతలు విసిరి ఇటువంటి ఆటే ఆడారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు కూడా డబ్బామూత గోల్ఫే. తరువాత 1938లో కాలిఫోర్నియా సముద్రతీరాన ఫ్రెడ్ మారిసన్ అనే యువకుడు కేకు కాల్చే రేకుపళ్ళెం విసిరి ఆడుతూ ఉంటే, ఎవరో వచ్చి 5 సెంట్ల పళ్ళానికి 25 సెంట్లు ఇస్తామన్నారట. అతడు తయారుచేసిన ప్లాస్టిక్ చక్రాన్నే 1957లో వామో కంపెనీ తీసుకుని ఫ్రిస్బీ అని పేరుపెట్టి అమ్మింది. ఆ కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో డిస్క్ గోల్ఫ్ మైదానం ఏర్పాటు చేశాడు. 1976లో ఆటగాళ్ళ సంఘం స్థాపించాడు. గొలుసుల బుట్ట కూడా ఆయన చలవే. 2002లో ఆయన చనిపోయినప్పుడు, ఆయన కోరిక ప్రకారం అస్థికల బూడిదను ప్లాస్టిక్కులో కలిపి డిస్కులు పోశారు. ఆటమీద అంత ప్రేమ!

1983లో అంచు పలుచగా, వాడిగా ఉండే డిస్కులు వచ్చాయి. అక్కడినుండి రకాలు పెరిగాయి. ఈనాడు సంఘం ఆమోదం పొందిన నమూనాలు వెయ్యికి పైనే. ముఖ్యంగా మూడు జాతులు: దూరం పోవడానికి డ్రైవరు, నడిమి దూరానికి మిడ్‌రేంజ్, బుట్టలో వేయడానికి పట్టర్. డ్రైవరంటే మన ఇంజను డ్రైవరు కాదు సుమండీ! ఇవన్నీ మోయడానికి వీపు సంచులు, ఆ సంచులు పెట్టుకోవడానికి తోపుడుబండ్లు కూడా అమ్ముతున్నారు.

ఇక మా సంగతి. మొదట మేనల్లుడు తెచ్చిన రెండు డిస్కులతోనే పదిమంది పిల్లలు కొబ్బరితోటలో ఆడుకునేవారు. తరువాత ఒక అబ్బాయికి పధ్నాలుగు డిస్కుల సంచి వచ్చింది. వెంటనే మిగిలిన ఇళ్ళలో పేచీలు మొదలైనాయి. నేను కూడా చేబదులు తెచ్చి మావాడికి పది డిస్కులు కొన్నాను. వాడి ఆట బాగుపడిందా? లేదు. విసిరే ముందు సంచిలో వెదకడం, విసిరిన తరువాత "ఈ డిస్కు మంచిది కాదు నాన్నా" అనడం. చేయి తప్పు చేస్తే నింద డిస్కు మీద పడింది.

దానికన్న పెద్ద బాధ మరొకటి. మా వీధిలో ఒక పిల్లవాడున్నాడు. తండ్రి టమాటా మార్కెట్టులో బరువులు ఎత్తుతాడు. అందరిలోకీ బాగా విసిరేవాడు వాడే. ఒక ఆదివారం వాడు రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. దారిలో కనబడితే అడిగాను. "నాకు సంచి లేదు మామా" అన్నాడు. ఆ మాట విని నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. డబ్బా మూతలతో పుట్టిన ఆటకు మనం డబ్బుతో తలుపు వేశామే అనిపించింది.

ఆ వారమే ఒక నియమం పెట్టాము. ఎవరైనా సరే, ఒక్క డిస్కు, అదీ పట్టరే. పట్టరే ఎందుకంటే, డ్రైవరు అంచు పలుచనిది గనుక బలంగా, వేగంగా విసిరితేనే చెప్పినట్టు వింటుంది. లేతచేతులు విసిరితే కాస్తదూరం పోయి ప్రక్కకు ఒరిగి పడిపోతుంది. పట్టరు అంచు మొద్దుగా ఉంటుంది. నెమ్మదిగా విసిరినా తిన్నగా పోతుంది. తప్పు విసిరితే ఆ తప్పు వెంటనే కనబడుతుంది.

డిస్కు మారనప్పుడు చేయి మారాలి గదా. బయటి అంచు కాస్త దించి విసిరితే కుడిచేతివాడి డిస్కు ఎడమకు వంగుతుంది. ఎత్తి విసిరితే కుడికి వంగుతుంది. ఇది పిల్లలు పుస్తకం లేకుండానే పట్టేశారు. పాలక్కాడు కనుమలోంచి వచ్చే ఆడినెల గాలి సంగతి మీకు తెలియనిది కాదు. ఆ గాలికి ఎదురుగా విసిరితే డిస్కు లేచి కుడికి తిరుగుతుంది. గాలి వెనుకనుండి వస్తే త్వరగా నేలకు దిగుతుంది. పది డిస్కులుంటే గాలికొక డిస్కు వెదుకుతాము. ఒక్కటే ఉంటే గాలినే చదువుతాము. మావాడికి తొమ్మిది చెట్లకు 46 విసుర్లు పట్టేవి. నాలుగు నెలల్లో 38కి దిగాడు. మార్కెట్టు అబ్బాయి 33లో ముగించి, అందరికీ నేర్పిస్తున్నాడు.

నిజం చెప్పాలంటే ఇందులో లోటు లేకపోలేదు. పట్టరు డ్రైవరంత దూరం పోదు. పెద్ద పోటీలకు పోయేవారికి నాలుగైదు రకాలు కావలసిందే. ఒక్కటే ఉండి అది బావిలో పడితే ఆట ఆగిపోతుంది. అందుకని ప్రతి గుంపుకూ ఒక అదనపు డిస్కు ఉంచుకోవచ్చు. నేను చెప్పేది నేర్చుకునే పిల్లల మాట. ఇన్ని డిస్కులు ఉండితీరాలని ఆట నియమాల్లో ఎక్కడా లేదు.

మనవాడైన జి. డి. నాయుడుగారిని తలచుకోండి. 1893లో కలంగల్‌లో పుట్టిన ఆయన హోటలులో పనిచేసి డబ్బు కూడబెట్టి ఒక మోటారుసైకిలు కొన్నారు. దాన్ని విప్పి, మళ్ళీ బిగించి, యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొల్లాచ్చి – పళని మధ్య ఒకే ఒక బస్సు, దానికి తానే డ్రైవరు. తరువాతే బస్సుల వరుస వచ్చింది. ముందు ఒక్కదాన్ని పూర్తిగా తెలుసుకోవడం ఆయన పద్ధతి.

కనుక సంఘంవారికి నా మనవి ఇది. ఆటల నిధిలోంచి సంచులు కొనవద్దు. పిల్లవాడికొకటి, ఆడపిల్లకొకటి చొప్పున ఒకే రకం పట్టర్లు కొని, వెనుక పేర్లు వ్రాసి ఇవ్వండి. ఇనుప బుట్టలు లేకపోయినా పరవాలేదు. కొబ్బరిచెట్టు మొదలు తాకితే ఒక గుంట ముగిసినట్టే. మరీ కావాలంటే పాత టమాటా పెట్టె ఒకటి స్తంభానికి కట్టుకోవచ్చు. బాటమీద మనుషులు గాని, పశువులు గాని ఉంటే విసరరాదనే నియమం మాత్రం తప్పక పెట్టండి. రైలుపట్టాల ప్రక్కకు అసలే పోనివ్వకండి.

చివరగా ఒక్క మాట. మన పూర్వులు తెలుగునాడు విడిచి ఈ సీమకు వచ్చినప్పుడు బండిలో ఏమేమి వేసుకొచ్చారో మనకు తెలియదు. ఆ సామానులో ఒక్కటీ మా ఇంట్లో మిగలలేదు. వారి మాట మాత్రం మిగిలింది. మార్కెట్టు అబ్బాయిది తమిళ ఇల్లు. ఇప్పుడు వాడు విసిరే ముందు మావాడితో "ప్రక్కకు జరుగు రా" అని తెలుగులోనే అంటున్నాడు. వచ్చే ఉగాదికి మన పిల్లలందరూ ఒక్కొక్క డిస్కుతో తోటలో కలుసుకోవాలని, సంచి లేదని ఏ పిల్లవాడూ ఇంట్లో కూర్చోరాదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.