రెండు సూదులు, ఒక నూలు ఉండ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కాబట్టి డ్యాముల గురించో, కాలువల గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకొని ఉంటారు. నేను మాట్లాడబోయేది అల్లిక గురించి. నవ్వండి, ఫరవాలేదు. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన సీమలో, యాభై దాటిన మగవాడు నలుగురిలో కూర్చుని అల్లుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ నవ్వుతోనే మాట మొదలవుతుందని నా అనుభవం.

ఈ పని నేను హిమాచల్ ప్రదేశ్‌లో ఒక జలవిద్యుత్ ప్రాజెక్టులో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. అక్కడ ఆడవాళ్ళు బస్సులో, కొట్టు ముందు ఎండలో, కొండదారిలో నడుస్తూ కూడా స్వెటర్లు అల్లుతారు. నాకు హిందీ సరిగా రాని రోజుల్లో, మా ఇంటి యజమానురాలు చేతికి సూదులిచ్చి నేర్పించారు.

చేతిపనితో నలుగురిలో తిరగడం మనకూ కొత్తేమీ కాదు. మన పక్క కురువ కాపరులు గొర్రెల వెంట నడుస్తూ కదురుతో ఉన్ని వడికేవారు. ఖాదీ ఉద్యమంలో తకిలీని సంచిలో వేసుకుని ప్రయాణాల్లోనూ సభల్లోనూ నూలు వడికేవారు. మగ్గం అట్లా కదలదు. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులోనైనా, మరెక్కడైనా, పడుగు బిగించాక నేతగాడు మగ్గం దగ్గరే కూర్చోవాలి. అల్లికకు పడుగూ లేదు, పేకా లేదు. ఒకే దారం ఉచ్చులోంచి ఉచ్చుగా సాగిపోతుంది. రెండు సూదులు, ఒక ఉండ సంచిలో వేసుకుని రైలెక్కవచ్చు.

నేను ఎక్కే రైలు నంద్యాల నుంచి కడపకు పోయే ప్యాసింజరు. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 123 కిలోమీటర్లు, 2016లో పూర్తయింది. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా పోతుంది. ఫోను చూసుకునే మనిషిని ఎవరూ కదిలించరు. నేను సూదులు తీస్తే మాత్రం ఎదుటి సీటు ఊరుకోదు. "ఏంది సార్ అది?" "ఆడోళ్ళ పని నీకెట్లొచ్చె?" అని అడుగుతారు. ఒకసారి జమ్మలమడుగు పక్క నేతపని చేసే పెద్దాయన నా దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, "పురి తక్కువైంది" అని తేల్చేశాడు. ప్రొద్దుటూరు దాకా నాకు నూలు గురించి పాఠం చెప్పాడు.

ఇంకోసారి కోవెలకుంట్లలో ఒక పెద్దామె ఎక్కింది. చాలాసేపు నా చేతుల వంక చూసి, "ఎవరికి నాయనా ఈ టోపీ?" అంది.

"ఎవరికని లేదమ్మా. నెలలు నిండక పుట్టిన బిడ్డలకు ఇస్తుంటాను. బరువు తక్కువ పిల్లలకు తలలోంచి వేడి తొందరగా పోతుంది. అందుకే ఊలు కాకుండా మెత్తటి నూలుతో అల్లుతున్నా."

ఆమె కాసేపు పలకలేదు. తర్వాత చెప్పింది, కడప ఆసుపత్రిలో ఆమె కూతురికి ఎనిమిదో నెలలోనే కాన్పయిందని, మనవడు కేజీన్నరే ఉన్నాడని. ఆమె ఇంకా బిడ్డను చూడలేదు. "తల ఎంతుంటాదో ఏమో, పెద్ద చీనీకాయంత ఉంటాదా?" అని నన్నే అడిగింది.

నేను అల్లుతూనే ఉన్నాను. ఆమె కూతురి పెళ్ళి గురించి, చేను గురించి, వాన గురించి చెబుతూనే ఉంది. కడప వచ్చేలోపు టోపీ పూర్తయింది. దారం తెంచి, కొస లోపలికి దోపి చేతిలో పెట్టాను. డబ్బులు వద్దంటే, సంచిలోంచి రెండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి తీసిచ్చింది. స్టేషన్లో జనంలో కలిసిపోయింది. పేరు అడగలేదు. ఆ బిడ్డ ఎట్లున్నాడో నాకు తెలియదు. ఆ ప్రయాణంలో మాత్రం ఆమె తన భయంతో ఒంటరిగా కూర్చోలేదు. అది నాకు తెలుసు.

2005లో డానియెల్ లాండెస్ అనే ఆమె బయట నలుగురిలో కూర్చుని అల్లడానికంటూ ఒక రోజు మొదలుపెట్టారు. ఇప్పుడు ఏటా జూన్ రెండో శనివారం ఎన్నో దేశాల్లో పార్కుల్లో కూర్చుని అల్లుతారు. మనకు ఒక్క రోజు చాలదనిపిస్తుంది. మన ఈడువాళ్ళలో చాలామంది పిల్లలు బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. మన గురువుల్లో కొందరు ఒంటరిగా ఉంటున్నారు. ఇంటిముందు అరుగులు పోయాయి. అల్లికే కానక్కర్లేదు, పూలు కట్టండి, విస్తళ్ళు కుట్టండి, బొమ్మలు గీయండి. ఆ పనిని లోపలి గదిలో కాకుండా నలుగురూ నడిచేచోట చేయండి. అడిగేవాళ్ళు వాళ్ళే వస్తారు.

ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక వేపచెట్టు కింద కూర్చుంటాను. నాలుగు జతల సూదులు తెచ్చాను. సార్లు, మేడమ్‌లు, మిత్రులు అందరూ రండి. కళ్ళజోళ్ళు మాత్రం మరచిపోకండి.