ఈ బగ్ ఎవరికివ్వాలి?

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో బగ్ వచ్చింది, దాన్ని సరిచేయమని ఎవరికి అప్పజెప్పాలి?

మన కర్నూలు, కడప పల్లెల్లో బోరు నీళ్లు పోయడం ఆగిపోతే ఏం చేస్తాం? మెకానిక్‌ని పిలుస్తాం. ఆయన మోటారు పైకి తీయించి, "మోటారు బాగుందప్పా, కరెంటు చూపించుకో" అంటాడు. లైన్‌మ్యాన్ వచ్చి, "కరెంటు బాగానే ఉంది, బోర్లోనే నీళ్లు లేవేమో" అంటాడు. ఈలోగా పైరు వాడిపోతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే తంతు. ఎక్లిప్స్, మొజిల్లా ప్రాజెక్టులపై 2009లో వచ్చిన ఒక పరిశోధనలో, 37 నుంచి 44 శాతం బగ్గులు కనీసం ఒకసారి చేతులు మారాయని తేలింది.

ఎందుకిలా? బగ్ కనిపించే చోటు వేరు, పుట్టే చోటు వేరు. 2018 ఫిబ్రవరి సంగతి గుర్తుందా? మన 'జ్ఞా' అక్షరం, కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తుతో కలిసి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. వాట్సాప్‌లో వస్తే తప్పు వాట్సాప్‌దే అనిపిస్తుంది. కానీ లోపం ఉన్నది అక్షరాల్ని తెరమీద పేర్చే కోర్‌టెక్స్ట్‌లో. ఆపిల్ దాన్ని ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది. అదే బగ్‌ని వాట్సాప్ డెవలపర్ చేతిలో పెడితే, ఎంత ఘనుడైనా ఏం చేస్తాడు?

మరి సరైన మనిషిని పట్టుకోవడమెలా? 2006లో జాన్ అన్విక్, లిండన్ హ్యూ, గెయిల్ మర్ఫీ ఒక దారి చూపించారు. పాత రిపోర్టుల్లోని మాటల్ని, వాటిని సరిచేసినవాళ్ల పేర్లని కంప్యూటర్‌కి నేర్పించారు. కొత్త రిపోర్టు వస్తే అది పేర్లు సూచిస్తుంది. ఎక్లిప్స్‌లో 57 శాతం, ఫైర్‌ఫాక్స్‌లో 64 శాతం సూచనలు సరిగ్గా వచ్చాయి. సలహాగా తీసుకోవడానికి ఇది మేలే, కళ్లు మూసుకుని నమ్మడానికి మాత్రం చాలదు.

ఇంకో చిక్కుంది. పాత చిట్టా చూసేదానికి పాతవాళ్లే కనిపిస్తారు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీలోనో చదువుతూ ఇప్పుడే ఓపెన్ సోర్స్‌లోకి వచ్చిన అమ్మాయికి చిట్టా ఎక్కడిది? ఆమె పేరు రానే రాదు. పనంతా ఆ నలుగురి నెత్తినే పడుతుంది. రేపు వాళ్లు మానేస్తే? అందుకే మొజిల్లాలో కొత్తవాళ్లకు తగిన బగ్గులకు 'గుడ్ ఫస్ట్ బగ్' అని గుర్తు పెడతారు.

కాబట్టి మీరు టీమ్ లీడ్ అయితే, ముందు మనిషిని కాదు, లోపం ఏ భాగంలో ఉందో వెతకండి. ఆ భాగంలో ఈమధ్య కోడ్ మార్చినవాళ్లెవరో గిట్‌లో చూడండి. వాళ్ల దగ్గర ఇప్పటికే ఎంత పనుందో అడగండి. బగ్ చేయి మారితే ఎందుకు మారిందో రాసిపెట్టండి. చిన్న బగ్గయితే కొత్తవాళ్లకిచ్చి, తెలిసినవాళ్లని తోడుంచండి.

విద్యార్థులకో మాట. తెలుగు అక్షరం తెరమీద చెదిరితే, అది తప్పని చూడగానే చెప్పగలిగేది తెలుగు చదివినవాళ్లే. ఆ పని మీకు చేతనవునని చిట్టాకి తెలియదు. ఒక చిన్న బగ్ తీసుకుని సరిచేయండి, అప్పుడు తెలుస్తుంది.