మానని పుండును దాచవద్దు
(సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రోజు మేము మాట్లాడదలచిన విషయం చర్మ కాన్సర్. మేము డాక్టరులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవారము. అయినా ఈ విషయమును ఎంచుకొనుటకు ఒక కారణం ఉన్నది. కడుపులోనో, ఊపిరితిత్తులలోనో వచ్చే కాన్సర్ కంటికి కనబడదు. అది ముదిరేదాకా తెలియకపోతే మనిషిది తప్పు అనలేము. చర్మ కాన్సర్ అలా కాదు. అది మన ఒంటిమీదనే, కళ్ళ ఎదుటనే ఉంటుంది. కనబడే జబ్బును కూడా చూచీ చూడనట్లు ఊరుకొని, ఇంకొకరికి చూపక దాచుకొని, ప్రాణం మీదికి తెచ్చుకోవడం కంటే బాధాకరమైనది ఏమున్నది?

ఉర్దూలో కాన్సర్‌ను సర్తాన్ అంటాము. అరబీలో ఆ మాటకు అర్థం ఎండ్రకాయ. లాటిన్‌లో కాన్సర్ అన్నా ఎండ్రకాయే. మన తెలుగు పెద్దలు రాచపుండు అన్నారు. పేరు చెప్పడానికే భయపడే కాలం ఒకటి ఉండేది. ఆ భయానికి కారణం లేకపోలేదు. సుమారు వెయ్యి సంవత్సరముల క్రిందట స్పెయిన్ దేశంలో కొర్దోబా దగ్గర అబుల్ ఖాసిం అల్ జహ్రావీ అనే గొప్ప శస్త్రవైద్యుడు ఉండేవారు. వారు తమ వైద్యగ్రంథం అత్తస్రీఫ్‌లో సర్తాన్ గూర్చి వ్రాశారు. గడ్డ చిన్నదిగా, చేతికి అందే చోట ఉన్నప్పుడు మొత్తం కోసి తీసివేయవచ్చుననీ, పాతబడి పెద్దదైన దానిని ముట్టుకోవద్దనీ, అట్టిదానిని తాము నయం చేయలేకపోయామనీ వారి మాటల సారాంశం. ఈ వెయ్యేళ్ళలో వైద్యం ఎంతో మారింది. కాని ఆ మొదటి మాట మాత్రం ఇప్పటికీ నిజమే. చిన్నదిగా ఉన్నప్పుడు తీసివేస్తే మనిషి బ్రతుకుతాడు.

మన చర్మం పైపొరలో లెక్కలేనన్ని కణాలు ఉన్నాయి. పాతవి రాలిపోతూ ఉంటే కొత్తవి పుడుతూ ఉంటాయి. ఈ పుట్టుకకు ఒక అదుపు ఉన్నది. ఆ అదుపు తప్పి కణాలు ఇష్టం వచ్చినట్లు పెరిగితే అదే కాన్సర్. ఇందులో ముఖ్యమైనవి మూడు రకాలు. పైపొర అడుగు కణాలలో పుట్టేది మొదటిది. ఇది మెల్లగా పెరుగుతుంది, దూరం ప్రాకడం చాలా అరుదు, కాని వదిలేస్తే ముక్కును, కంటిరెప్పను తినివేస్తుంది. పైపొరలోని పొలుసు కణాలలో పుట్టేది రెండవది. ఇది ముదిరితే గజ్జలలో, చంకలలో, మెడలో బిళ్ళలు కడుతుంది. చర్మానికి రంగునిచ్చే కణాలలో పుట్టే మెలనోమా మూడవది. అన్నింటిలోనూ త్వరగా ప్రాకేది, ప్రమాదమైనది ఇదే.

తెల్లవారికి ఎండ వలన ఈ జబ్బు ఎక్కువగా వస్తుంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలలో మెలనోమా చాలా ఎక్కువ. మన చర్మంలోని నలుపు మనకు అల్లాహ్ ఇచ్చిన గొడుగు. అందుచేత మనలో ఈ జబ్బు తక్కువ. తక్కువ అంటే లేదు అని కాదు. గొడుగు ఎండకు అడ్డం పడుతుంది గాని, అన్నింటికీ అడ్డం పడదు గదా! మనవారిలో ఈ జబ్బు ఎక్కడ దాగి వస్తుందో తెలుసుకోవాలి.

ఒకటి, పాత కాలిన మచ్చలు. ఈ మాట మా తల్లులు, అక్కచెల్లెళ్లు ప్రత్యేకంగా వినాలి. కిరసనాయిలు స్టవ్వు మీద, కట్టెల పొయ్యి దగ్గర ఒళ్ళు కాలినవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. గాయం మానుతుంది, మచ్చ మిగులుతుంది. 10 ఏళ్ళకో, 20 ఏళ్ళకో, 30 ఏళ్ళకు కూడా ఆ మచ్చ పగిలి పుండు పడవచ్చు. "బట్ట రాసుకున్నది, గోకితే తెగింది" అనుకుంటారు. అది కాన్సర్ కావచ్చును. ఫ్రాన్సు దేశపు సర్జన్ మార్జొలిన్ 1828లోనే మచ్చలపై పడే పుండ్లను వర్ణించారు. నేటికీ అట్టి పుండును ఆయన పేరుతోనే పిలుస్తారు. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని, అనగా కాంగ్డీని, ఫెరన్ క్రింద పెట్టుకొని కూర్చుంటారు. ఏళ్ళ తరబడి ఆ వేడి తగిలిన పొట్ట మీద, తొడల మీద కాన్సర్ వస్తుందని 19వ శతాబ్దంలోనే డాక్టర్లు గుర్తించారు.

రెండు, ఎన్నో సంవత్సరాలుగా మానని పుండ్లు. షుగర్ వారికి, పూర్వం కుష్ఠు వచ్చి నయమైనవారికి కాళ్ళకు పుండ్లు పడతాయి. అవన్నీ కాన్సర్ కావు. కాని మానక మానక ఉన్న పుండు అంచులు గట్టిపడి, కాలీఫ్లవర్ పువ్వువలె కండ పెరిగి, వాసన కొడుతూ రక్తం కారితే, అది షుగర్ పుండే అని ఊరుకోరాదు.

మూడు, అరచేయి, అరికాలు, గోటి క్రింది భాగం. నల్లవారిలో మెలనోమా ఎక్కువగా ఇక్కడే వస్తుంది. దీనికి ఎండతో సంబంధం లేదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి క్రింద మెలనోమా బయటపడింది. వేలు తీసివేయాలన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. జబ్బు ప్రాకి 1981లో 36 ఏళ్ళకే చనిపోయారు. కావున అరికాలిలో కొత్తగా వచ్చిన నల్లమచ్చ, గోటిపై నిలువుగా వచ్చి వెడల్పు అవుతున్న నల్లచార, ఆకారమో రంగో మారుతున్న పుట్టుమచ్చ వీటిని డాక్టరుకు చూపాలి.

గుర్తు పెట్టుకోవడానికి ఒక్క లెక్క చాలు. నాలుగు వారాలు. నాలుగు వారాలలో మానని పుండు, అంతవరకు లేక కొత్తగా వచ్చి పెరిగే గడ్డ ఏదైనా సరే, డాక్టరు చూడవలసిందే.

మనవారు ఏం చేస్తున్నారు? ఆకు పసరు పోస్తారు, సున్నం పెడతారు, జిల్లేడు పాలు రాస్తారు. మందుల షాపులో అడిగి మర్హం తెచ్చి ఆరు నెలలు పూస్తారు. "నాసూర్ పడింది, దీనికి ఇంతే" అని సరిపెట్టుకుంటారు. డాక్టరు ముక్క తీసి పరీక్ష చేయాలి అంటే, "కత్తి తగిలితే కాన్సర్ ఒళ్ళంతా ప్రాకుతుందట" అని లేచి వస్తారు. ఇది వట్టి అపోహ. మత్తు సూది వేసి చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూడనిదే అది కాన్సర్ అవునో కాదో ఎంత పెద్ద డాక్టరైనా రూఢిగా చెప్పలేడు. ప్రాకేది కత్తి వలన కాదు, ఆలస్యం వలన.

ఇక చికిత్స. ముఖ్యమైనది ఆపరేషన్. పుండును, దాని చుట్టూ కొంత మంచి చర్మాన్ని కలిపి తీసివేస్తారు. చిన్న పుండ్లకు చుట్టూ 4, 5 మిల్లీమీటర్లు చాలు. పెద్ద గాటు పడితే తొడ నుండి పలుచని చర్మం తీసి అతుకుతారు. ముఖం మీద అయితే పొరపొరగా తీస్తూ, ప్రతి పొరను మైక్రోస్కోపులో చూస్తూ చేసే పద్ధతి ఉన్నది. అమెరికాలో డాక్టర్ మోజ్ 1930ల్లో దీనిని కనిపెట్టారు. ఆపరేషన్ వీలుకాని వృద్ధులకు, ఆపరేషన్ తరువాత మరికొందరికి రేడియేషన్ ఇస్తారు. మనవారు దీనినే కరెంటు పెట్టడం అంటారు. మొదటి రెండు రకాలలో తొలిదశలోనే వస్తే నూటికి 90 మందికి పైగా నయమవుతుంది.

మెలనోమాకు లోతే లెక్క. 1970లో డాక్టర్ బ్రెస్లో అది చర్మంలోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి చూపారు. 1 మిల్లీమీటరు లోపల ఉంటే చాలామందికి ఆపరేషన్‌తోనే సరిపోతుంది. లోతు పెరిగిన కొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ప్రాకిన జబ్బుకు కూడా నేడు ఇమ్యునోథెరపీ మందులు ఉన్నాయి. మన శరీరంలోని రక్షణ కణాలనే కాన్సర్ మీదికి లేపుతాయి. ఈ మార్గం చూపిన ఆలిసన్, హోంజో అనే శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఆ మందులు ఎంతో ఖరీదు, అందరికీ పనిచేయవు. మిల్లీమీటరు దగ్గర ఒక చిన్న ఆపరేషన్‌తో పోయేదానిని లక్షల రూపాయల దాకా తెచ్చుకొనుట ఎందుకు?

ఎక్కడికి పోవాలి? ముందు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరుకో, సర్జన్‌కో చూపాలి. కాన్సర్ అని తేలితే హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో మెహ్దీ నవాజ్ జంగ్ పేరుతో 1955 నుండి నడుస్తున్న ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నంలో హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉన్నది. రెండు రాష్ట్రాలలోను పేదల చికిత్సకు ప్రభుత్వ ఆరోగ్య పథకాలు ఉన్నాయి. రేషన్ కార్డు, ఆధార్, పాత చీటీలు, ముక్క పరీక్ష రిపోర్టు వెంట తీసుకుపోవాలి.

చివరగా మనలో మనం చెప్పుకోవలసిన మాట. పుండు తొడమీదో, వీపుమీదో ఉంటే మన ఆడవారు ఇంట్లో సొంత కూతురికి కూడా చెప్పరు. సిగ్గు మంచిదే. కాని వైద్యం కొరకు అవసరమైనంత మేరకు డాక్టరుకు చూపడానికి షరీఅత్‌లో అనుమతి ఉన్నదని ఉలమాలు చెప్పియున్నారు. లేడీ డాక్టరు ఉంటే మరీ మంచిది. లేరని ఆగిపోరాదు. సబర్ అంటే పుండును దాచుకొని మూల కూర్చోవడం కాదు. మన ప్రవక్త (స) చికిత్స చేయించుకోమనే బోధించారు. చికిత్స చేయించుకుంటూ, దాని కష్టాన్ని ఓర్చుకోవడమే సబర్.

కావున సంఘ పెద్దలకు మా మనవి రెండు. ఆసుపత్రికి పోయే పేద రోగికి, తోడు పోయేవారికి బస్సు చార్జీలు, భోజనం ఖర్చులకు జకాత్, సదఖా నిధుల నుండి కొంత కేటాయించండి. చదువు వచ్చిన మన ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చి, భయపడే తల్లుల వెంట ఆసుపత్రికి పోయే ఏర్పాటు చేయండి. సగం మంది ఆగిపోయేది డబ్బు లేక కాదు, తోడు లేక.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఒక్క పని చేయండి. అమ్మ పాదాలు, నాన్న వీపు, మీ పాత మచ్చలు దీపం దగ్గర ఒకసారి చూడండి. ఏమీ లేకపోతే అల్హమ్దులిల్లాహ్. ఏదైనా ఉంటే రేపే బయలుదేరండి. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.