గది నడుమ గోడ: ముందు లెక్క

(ఉగాది సభలో చేసిన ప్రసంగము)



ఉగాదినాడు పంచాంగములో ఆదాయ వ్యయములు వింటిమి. నేను ఇంటి వ్యయమును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. 2024లో కుంభారి వద్ద రేనగరులో 15,000 ఇండ్లు కార్మికులకు ఇచ్చిరి; సంతోషము. కాని కొంతం చౌకు చుట్టుప్రక్కల పలువురకు ఉన్న ఒక్క గదియే గతి. కొడుకుకు పెండ్లియైనను, కూతురు పదవ తరగతి పరీక్షకు చదువవలెనన్నను, ఆ గదినే రెండు చేయవలెను.

ఇటుక గోడ బరువెక్కువ. మేడమీద, క్రింద దూలము లేనిచోట కట్టుట ప్రమాదము. జిప్సం పలకల గోడ అందులో దాదాపు పదోవంతు బరువే, మందము మూడంగుళములు. నడుమ రేకు కమ్ములు, ఇరువైపుల పలకలు.

పడుగు పోగులు లెక్కింపక మగ్గమెక్కింపము గదా! ఇదియు అంతే. గోడ పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు అనుకొందము. ఒకవైపు 100 చదరపుటడుగులు, రెండు వైపుల 200. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు గల తలుపుకు ఇరువైపుల 42 తీసివేయగా 158. కోతలో పోవుదానికి నూటికి పది కలిపిన సుమారు 174. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలక 24 చదరపుటడుగులు. భాగించిన ఏడుం పావు. అనగా ఎనిమిది పలకలు.

నిలువు కమ్ములు రెండడుగులకొకటి చొప్పున ఆరు, తలుపు ప్రక్కకు ఒకటి, వెరసి ఏడు. అడ్డ కమ్మి పైన పది, క్రింద ఏడు, తలుపుపైన మూడు, వెరసి ఇరువది అడుగులు. స్క్రూలు అడుగుకు మించని ఎడముతో బిగింపవలెను. అతుకులకు కాగితపు పట్టీ, పూత మరువరాదు.

మేస్త్రీ చదరపుటడుగుకు ధర చెప్పినపుడు, అది ఒకవైపు కొలతయా, రెండువైపులదా అని ముందే అడిగి వ్రాయించుకొనుడు. ఆ ఒక్క మాట తెలియనిచో ఖర్చు రెట్టింపగును, అప్పు మిగులును.

మరమగ్గముల చప్పుడు తగ్గవలెనన్న పలకల నడుమ గాజు ఉన్ని పెట్టించుడు. స్నానాల గది ప్రక్కన తేమకు ఓర్చు ఆకుపచ్చ పలకయే వాడవలెను. చద్దర్ల మూటలు మోయు బల్లను పలకకు గాక కమ్మికే బిగింపవలెను. అన్నిటికంటె ముఖ్యము, రెండు భాగములకును గాలి వెలుతురు ఉండవలెను. కిటికీ లేని సగములో ఎవరిని పరుండబెట్టెదము?

కాగితముపై అరగంట కూర్చున్నచో నెలల కష్టార్జితము నిలుచును. అందరి ఇండ్లును చల్లగా నుండుగాక. సెలవు.