అతుకు కుదరని ప్రోగ్రాము

కరీంనగరపు వెండి తీగపని మనకు క్రొత్త కాదు. పనివాడు సన్నని తీగలను మెలివేసి పువ్వులు, ఆకులు వేరువేరుగా వంచి, చట్రములో అమర్చి, టంకముతో అతుకును. ఒక్క ఆకు చేతికి అందకున్నను పళ్ళెము పూర్తికాదు. లినక్సు కంప్యూటరుపై ప్రోగ్రాము తయారగుటయు ఇట్టిదే.

బాసరలో 2008లో నెలకొన్న రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు పదవ తరగతి ముగిసిన వెంటనే పల్లెల నుండి పిల్లలు వచ్చుచున్నారు. అట్టి పిల్లవాడొకడు, ఇచ్చిన సంఖ్యకు వర్గమూలము కట్టుటకు సీ భాషలో ప్రోగ్రాము వ్రాసెననుకొందము. తెరపై ఆంగ్లమున ఒక వాక్యము కనబడును: “అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఎస్‌క్యూఆర్‌టీ.” తొలిసారి దీనిని చూచిన నాడు మేము ప్రోగ్రామునంతయు చెరిపి తిరిగి వ్రాసితిమి. మరల అదే వాక్యము! తప్పు మా వ్రాతలో లేదు.

కంపైలరు మన వ్రాతను యంత్రభాషలోనికి మార్చును. అటుపై లింకరు దానికి కావలసిన సిద్ధపు భాగములను తెచ్చి అతుకును. ఆ భాగముల కొట్టునే లైబ్రరీ యందురు. వర్గమూలము గణిత లైబ్రరీలో నుండును. చెప్పనిదే లింకరు ఆ కొట్టు తలుపు తీయదు. ఆజ్ఞ చివర హైఫన్, ఎల్, ఎమ్ అని చేర్చిన చాలును. చివరనే ఏల? లింకరు ఎడమనుండి కుడికి చదువుచు, అంతవరకు కావలసివచ్చిన వానినే కొట్టునుండి తీసికొనును.

రెండవ చిక్కు “కెనాట్ ఫైండ్” అనునది. ఇచట కొట్టే కనబడలేదని అర్థము. లైబ్రరీ యంత్రములో ఉన్నట్లే తోచును. కాని ప్రోగ్రాము నడుచుటకు వలయు ఫైలు వేరు, అతుకుటకు వలయు ఫైలు వేరు. రెండవదానిని డెబియన్, ఉబుంటులలో పేరు చివర ‘డెవ్’ అనియు, ఫెడోరాలో ‘డెవెల్’ అనియు ఉన్న ప్యాకేజీగా తెచ్చుకొనవలెను. లైబ్రరీ మన సొంత ఫోల్డరులో ఉన్నచో, హైఫన్, పెద్ద ఎల్ వ్రాసి దాని చోటు చెప్పవలెను.

మూడవది మరింత మోసపుచ్చును. అతుకు కుదిరినను, నడుపబోగా లైబ్రరీ లేదని ప్రోగ్రాము ఆగును. అపుడు ‘ఎల్‌డీడీ’ అను ఆజ్ఞతో అడిగినచో, దొరకనిదాని యెదుట “నాట్ ఫౌండ్” అని చూపును. దానిని స్థాపింపవలెను. ఉండియు కనబడకున్నచో, దాని ఫోల్డరును వ్యవస్థ వెదకు జాబితాలో చేర్చి, నిర్వాహకుని హక్కుతో ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడుపవలెను.

తెలుగు మాధ్యమమున చదివి వచ్చిన బిడ్డకు ఆ ఆంగ్లవాక్యము తీర్పువలె వినబడును. ఈ చదువు తనకు రాదనుకొనును. అది తీర్పు కాదు, ఏ వస్తువు తక్కువైనదో చెప్పు చీటి. కంప్యూటరు తెలియని తలిదండ్రులైనను ఆ వేళ అడుగదగిన ప్రశ్న ఒకటి కలదు: “ఏ పేరు దొరకలేదన్నది, బిడ్డా?” ఆ పేరు చదివి చెప్పగలిగిననాడు సగము పని ముగిసినట్లే.