ఊరి నడుమ నొక యడవి

న్యూజీలాండు దేశమున, క్రైస్ట్‌చర్చి నగరము నడుమ, అరగంటలో చుట్టి రాదగిన యడవి యొకటి కలదు. దాని పేరు రికర్టన్ బుష్. ఆ దేశపు మూలవాసులైన మావోరీలు దానిని పుతారింగమోటు అందురు. మిగిలిన పాతయడవి సుమారు 8 హెక్టారులు, అనగా 20 ఎకరములు మాత్రమే. శ్రోతలారా, నేడు మీతో కలిసి అందు నాలుగడుగులు వేయగోరుచున్నాను.

ద్వారమునకు రెండు తలుపులు. ఒకటి మూసిన పిదప గాని రెండవది తెరువరాదు. చుట్టును 2000 సంవత్సరమున కట్టిన కంచె యున్నది. ఎలుకలను, పిల్లులను, ముంగిసను బోలిన స్టోటులను అది లోనికి రానీయదు. ఆ దేశపు నేలమీద గబ్బిలములు తప్ప పాలిచ్చి పెంచు జంతువులు స్వతహాగా లేవు. కావున అచ్చటి పక్షులు అట్టి శత్రువులనుండి తప్పించుకొను విద్య నేర్వలేదు.

లోపల అడుగిడగానే చల్లని నీడ. తలయెత్తినచో కహికటియా వృక్షములు. వరదలు మేటవేసిన ఒండ్రునేలలో, తడిలో పెరుగు చెట్లివి. వీని మొదళ్లు గోడలవలె చీలి నేలను పట్టుకొనియుండును. అనుకూలమైన చోట 60 మీటర్ల యెత్తు పెరుగును. ఇచ్చటి కొన్నింటి వయస్సు 600 ఏండ్లవరకు నుండును. 1509లో కృష్ణదేవరాయలు సింహాసన మెక్కునాటికే అవి యెదిగిన చెట్లు. ఎఱ్ఱని కండపై నల్లని గింజ గల వీని పండ్లను పక్షులు తిని విత్తులు చల్లును.

ఈ కలప తెల్లనిది, వాసన లేనిది. ఆ గుణమే చెట్టునకు చేటైనది. ఇంగ్లండునకు వెన్న పంపు పెట్టెలకై లెక్కలేనన్ని కూలినవి. చిత్తడినేలలు పచ్చికబయళ్లైనవి.

మరి యీ యడవి యెట్లు మిగిలెను? 1843లో విలియం, జాన్ డీన్స్ అను స్కాట్లండు సోదరులు ఇచ్చట స్థిరపడిరి. 1850 తరువాత వచ్చిన వలసవారికై అడవిలో సగము విడువవలసి వచ్చెను. ఆ సగము కొలదికాలములోనే కలపయై పోయెను. 1854లో జాన్ మరణశయ్యపై నుండి, మిగిలిన సగమును కాపాడుమని భార్యయైన జేన్‌ను కోరెను. ఆమె యొడిలో నేడాది నిండని బిడ్డ. ఆ దేశమునకు వచ్చి ఆమెకు నిండ రెండేండ్లైనను కాలేదు. అయినను 1911లో కన్నుమూయువరకు ఆమె ఆ మాట నిలిపెను. 1914లో ఆ కుటుంబము వనమును ప్రజలకు దానమిచ్చెను. దాని రక్షణకై చట్టమును చేయబడెను.

ఒకే యడవి, రెండు సగములు. ఒకటి అక్కఱకు చెల్లిపోయినది. రెండవది మాటకు నిలిచినది.

మన పల్లెలలోను అమ్మవారి తోపులున్నవి. కొమ్మ విఱువరాదని మొదట చెప్పినవారెవరో మనకు తెలియదు. ఆ మాట విన్నవారు మాత్రము మనమే. మీ యూరి తోపు గట్టున నీ సాయంకాలము ఒకమాఱు నడచి, ఎంత మిగిలినదో చూచి రండు.